నేల నాడి

ఆకాశానికి పంచాంగం ఉంది. ఏ కార్తె ఎప్పుడు ప్రవేశిస్తుందో, గ్రహణం ఏనాడు పడుతుందో, పండుగ ఏ తిథికి వస్తుందో మనిషి తరతరాలుగా గణించి రాసుకొన్నాడు. తాను నిలబడిన నేలకు మాత్రం అటువంటి పంచాంగం కట్టుకోలేదు. తలపైన మెరిసే నక్షత్రం మీద నిలిపిన దృష్టిని పాదాల కింది పొరల మీద నిలపలేదు. నేల కదలదని, మారదని, ఎప్పటికీ ఒకే తీరుగా ఉంటుందని నమ్మడమే ఇందుకు కారణం. ఆ నమ్మకం నిజం కాదని గత శతాబ్దపు విజ్ఞానం నిరూపించింది. నేల లోపల కూడా మార్పులు జరుగుతాయి. అయితే అవి ఒక రోజులోనో, ఒక ఏడాదిలోనో కంటికి ఆనవు. వాటిని పట్టుకోవాలంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏండ్ల తరబడి కొలిచి రాసుకోవడం తప్ప మరో మార్గం లేదు. ఆ ఓర్పు ఎందుకు అవసరమో ఉత్తర ధ్రువపు మంచు నేల ఎంత చక్కగా చెబుతుందో, ఆలేరు పరిసరాల ఎర్రని చెలక నేల కూడా అంత చక్కగా చెబుతుంది.

భూగోళపు ఉత్తరపు అంచున టండ్రా మైదానాలు ఉన్నాయి. అక్కడ పెద్ద చెట్టు మొలవదు. నాచు, గడ్డి, పొట్టి పొదలు మాత్రమే కనిపిస్తాయి. వేసవిలో పైపొర కొద్దిలోతు కరిగి బురద అవుతుంది. దాని అడుగున ఉన్న మట్టి మాత్రం వేల ఏండ్లుగా గడ్డకట్టి రాయిలా ఉంటుంది. వరుసగా రెండేండ్లు గాని, అంతకు మించి గాని సున్నా డిగ్రీలు దాటకుండా ఉండిపోయిన నేలను శాస్త్రజ్ఞులు పర్మాఫ్రాస్ట్ అంటారు. సైబీరియాలోని యాకుత్స్క్ పట్టణంలో షెర్గిన్ అనే వర్తక సంస్థ ఉద్యోగి నీటి కోసం ఒక బావి తవ్వించాడు. 1837 నాటికి అది 116 మీటర్ల లోతుకు పోయింది. అయినా చుక్క నీరు పడలేదు. అంత లోతునా గడ్డకట్టిన మట్టే ఎదురైంది. 1844లో మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ బావిలో వేర్వేరు లోతుల వద్ద ఉష్ణోగ్రతను కొలవడం మొదలుపెట్టాడు. దాహం తీర్చలేని బావి ఆ విధంగా విజ్ఞానానికి పనికివచ్చింది.

ఈనాడు అలాస్కా, కెనడా, రష్యా, స్కాండినేవియా ప్రాంతాలలోని పరిశోధన కేంద్రాలు నేలలోకి సన్నని రంధ్రాలు తొలిచి, వాటిలో ఉష్ణమాపకాలను దించి, ఏడాది పొడుగునా లెక్క రాస్తున్నాయి. నేల పైభాగపు వేడి పూటపూటకూ మారుతుంది. పది ఇరవై మీటర్ల లోతుకు పోయేసరికి పగలు రాత్రి తేడా గాని, ఎండాకాలం చలికాలం తేడా గాని దాదాపు మిగలదు. అక్కడ కనిపించే మార్పు ఒక ఏటి ఎండ వల్ల వచ్చింది కాదు, శీతోష్ణస్థితిలోనే వచ్చిన మార్పు. 2007 నుంచి 2016 వరకు 123 రంధ్రాలలో కొలిచిన లెక్కలను క్రోడీకరించి 2019లో ప్రకటించిన ఫలితం ప్రకారం గడ్డకట్టిన నేల సగటున 0.29 డిగ్రీలు వేడెక్కింది. డిగ్రీలో మూడో వంతు కూడా లేని ఈ తేడా ఒక మనిషి చర్మానికి తెలియదు. కాని ఆ నేలలో ఇరుక్కొని ఉన్న కర్బనం సుమారు ఒకటిన్నర లక్ష కోట్ల టన్నులు. వాతావరణంలో ఉన్న కర్బనానికి అది దాదాపు రెట్టింపు. అందులో కొంత భాగం బయటపడినా దాని ప్రభావం ధ్రువ ప్రాంతానికే పరిమితం కాదు. రుతుపవనాల మీద ఆధారపడిన దేశాలకు కూడా అది సంబంధించిన విషయమే.

తెలంగాణకు ఆ నేలతో మరొక బంధం ఉంది. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల నకళ్లను నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలోని విత్తన భాండాగారంలో భద్రపరచింది. కరవు వచ్చినా, యుద్ధం వచ్చినా విత్తనం నశించకూడదన్న ముందుచూపుతో గడ్డకట్టిన కొండలో తొలిచిన ఆ భాండాగారం 2008లో ప్రారంభమైంది. 2016 శరత్కాలంలో అనూహ్యమైన వేడిమికి, వానకు నీరు దాని ప్రవేశ సొరంగంలోకి చేరింది. విత్తనాలకు హాని కలగలేదు. కాని ఎన్నటికీ కరగదనుకొన్న నేలను కూడా కనిపెట్టి ఉండాలన్న సంగతి ప్రపంచానికి తెలిసివచ్చింది. ఆ దీవులలోనే 2008లో భారతదేశం హిమాద్రి అనే పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది.

ఇక ఆలేరు సంగతి. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ ఊరి పేరులోనే ఏరు ఉంది. పొరుగున ఉన్న కొలనుపాక పేరులో కొలను ఉంది. ఇక్కడి ఆలేరు వాగు మూసీలో కలుస్తుంది, మూసీ కృష్ణలో కలుస్తుంది. పేర్లలో ఇంత నీరున్నా నేలపై నిలిచే నీరు తక్కువ. ఈ ప్రాంతంలో నేల కింద మంచు లేదు. ఉన్నది నల్లసేద్యానికీ, దాహానికీ ఆధారమైన ఊట. టండ్రా ప్రజల బతుకు గడ్డకట్టిన నేల మీద నిలిచినట్లే, ఈ మెట్ట ప్రాంతపు బతుకు ఆ కనిపించని నీటి మీద నిలిచి ఉంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూముల అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న గ్రానైటు రాయి. పైన పలుచని ఎర్రమట్టి, దాని కింద రాయి చివికి ఏర్పడిన మొరం పొర, ఆ కింద పగుళ్లు బారిన రాయి, అన్నిటికంటే అడుగున పగులు లేని బండ ఉంటాయి. నీరు నిలిచేది మొరంలోనూ, పగుళ్లలోనూ మాత్రమే. నది ఒడ్డున ఉన్న ఇసుక నేలలా ఈ రాయి నీటిని విస్తారంగా పట్టుకోలేదు. నూరు పాళ్ల రాతిలో వాడుకోవడానికి చిక్కే నీరు ఒకటి రెండు పాళ్లకు మించదు.

ఈ చిన్న సంఖ్యలోనే ఈ ప్రాంత రైతు కష్టమంతా ఉంది. ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన కురిసిందనుకొందాం. అందులో సుమారు పదో వంతు, అంటే 75 మిల్లీమీటర్లు నేలలోకి ఇంకుతుంది. రాతిలో నీరు నిలిచే చోటు నూటికి ఒకటిన్నర పాళ్లే అయితే, ఆ కొద్ది నీరే బావిలోని మట్టాన్ని 5 మీటర్ల ఎత్తుకు లేపుతుంది. చూసేవారికి అది అపారమైన సంపదగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ చేరింది జానెడు కూడా లేని నీరు. తోడడం ప్రారంభించగానే అంతే వేగంగా అది దిగిపోతుంది. యాసంగిలో ఒక ఎకరం వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు పెట్టాలి. అందులో కొంత మళ్లీ నేలలోకి ఇంకినప్పటికీ, ఒక ఎకరం వరి పొలం చుట్టుపక్కల అనేక ఎకరాలలో ఇంకిన నీటిని తాగివేస్తుంది. బావి నిండినంత మాత్రాన నేల నిండినట్లు కాదని ఈ లెక్క హెచ్చరిస్తున్నది.

పూర్వం ఈ ప్రాంతంలో మోటబావులు ఉండేవి. ఎద్దులు తోడగలిగినంత నీరే బయటికి వచ్చేది. ఎద్దులు అలసినప్పుడు బావి మళ్లీ ఊరేది. బావి గట్టున నిలబడి తొంగిచూస్తే నీరు ఎన్ని నిలువుల లోతున ఉందో పసివానికి కూడా తెలిసేది. కరెంటు మోటారు, ఆ తరువాత బోరుబావి వచ్చి ఈ స్థితిని మార్చివేశాయి. బోరు నోరు ఇరుకైనది. అందులోకి చూపు పోదు. మోటారు మీట నొక్కితే నీరు వస్తుంది, లేదా రాదు. ఈ రెండు స్థితుల నడుమ నీరు ఎంత దిగిందో రైతుకు తెలిసే వీలు పోయింది. నీటిని తోడే శక్తి అనేక రెట్లు పెరిగిన కాలంలోనే దానిని చూసే కన్ను మూసుకుపోవడం శోచనీయం.

కన్ను మూసుకుపోయిన చోట జూదం మొదలవుతుంది. ఒక బోరు ఎండితే మరొకటి, అది కూడా ఎండితే ఇంకా లోతుగా వేరొకటి వేస్తారు. కొందరు అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి, మరికొందరు వేపపుల్ల పట్టుకొని నీటి జాడ చెబుతారు. అప్పు తెచ్చిన సొమ్ము రాతి దుమ్మై గాలిలో కలుస్తుంది. నల్లగొండ సమీపంలోని ముషంపల్లి గ్రామం జనాభాకు మించిన బోర్లతో పత్రికలకెక్కింది. నీటికి తోడు విషం సమస్య కూడా ఉంది. గ్రానైటుతో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీటిలో ఫ్లోరైడు చేరుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు పండ్లను గార పట్టించి, ఎముకలను వంచుతుంది. నల్లగొండ జిల్లాలో కొన్ని తరాలు ఆ బాధను అనుభవించాయి. నేల లోపలి నీటి లెక్క పుస్తకాలకు పరిమితమైన శాస్త్ర విషయం కాదు, మనుషుల ఎముకలకూ అప్పులకూ సంబంధించిన విషయం.

ప్రాచీనులు నీటిని గురించి ఆలోచించలేదని అనలేం. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భజలాన్ని కనుగొనే విధానానికి ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించాడు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఎంత లోతున నీరు పడుతుందో అందులో చెప్పాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం మరొక అడుగు ముందుకు వేసింది. ధాన్యాగారంలో నిర్ణీతమైన వెడల్పు గల పాత్రను వర్షమానంగా ఉంచాలని నిర్దేశించింది. అశ్మక దేశంలో పదమూడున్నర ద్రోణాల వాన కురుస్తుందని లెక్క ఇచ్చింది. నేటి బోధన్ ఆ అశ్మకానికి రాజధానిగా ఉండేదని చరిత్రకారులు భావిస్తారు. వరాహమిహిరుడు చెప్పినది గుర్తు, కౌటిల్యుడు చెప్పినది కొలత. గుర్తును బట్టి నీరు ఉందో లేదో ఊహించవచ్చు. నిన్నటి కంటే నేడు పెరిగిందో తగ్గిందో చెప్పాలంటే కొలత కావాలి. చెరువు నీటిని పొలాలకు పంచే నీరటి తూము దగ్గర నిలబడి చేసిన పని కూడా ఒక విధమైన కొలతే. చెరువు మట్టం ఎంత, ఎన్ని ఎకరాలకు సరిపోతుంది అన్న విచారణ తరువాతనే నాట్లు పడేవి. ఆ విచారణ బోరుబావి విషయంలో లేకుండా పోయింది.

ఆధునిక కాలంలో ఈ పని పూర్తిగా నిలిచిపోలేదు. కేంద్ర భూగర్భజల విభాగం 1969 నుంచి దేశమంతటా ఎంపిక చేసిన బావులలో ఏడాదికి నాలుగు పర్యాయాలు నీటిమట్టాన్ని కొలుస్తున్నది. రాష్ట్ర భూగర్భజల శాఖకు తన పరిశీలక బావులు ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి 1999లో భూగర్భజల పరిశోధన కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. ఆ కేంద్రం మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఏండ్ల తరబడి పరిశీలించింది. మొరం పొర చాలాచోట్ల ఎండిపోయి, మిగిలిన నీరు కింది పగుళ్ల పొరలోకి దిగజారిన సంగతిని ఆ పరిశీలన వెల్లడించింది. ఇప్పుడు ఆలేరు ఉన్న జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్ దగ్గర ఆ సంస్థ పరిశోధన కోసమే బోర్లు వేసి, రాతి పగుళ్లలో నీటి నడకను గమనిస్తున్నది. టండ్రాలో మంచు నేలకు దించిన ఉష్ణమాపకం, చౌటుప్పల్ బోరులో దించిన జలమాపకం ఒకే జాతి పనిముట్లు. రెండూ చీకటిలో జరిగే మార్పును వెలుగులోకి తెస్తాయి.

ఏండ్ల తరబడి కొలవవలసిన అవసరం ఏమిటి, నాలుగైదేండ్లు చాలవా అన్న సందేహం కలగవచ్చు. దీనికి ఆఫ్రికాలోని టాంజానియా సమాధానం చెబుతున్నది. ఆ దేశ రాజధాని డొడోమాకు నీరిచ్చే మకుటపోరా ప్రాంతపు అడుగున కూడా తెలంగాణలో మాదిరిగా చివికిన ప్రాచీన శిలే ఉంది. అక్కడ 1955 నుంచి 55 ఏండ్ల పాటు నీటిమట్టాన్ని విడవకుండా రాశారు. ఆ లెక్కలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2013లో ఒక విశేషాన్ని ప్రకటించారు. అక్కడి నేల ఏటేటా కొంచెం కొంచెంగా నిండడం లేదు. ఏండ్ల పాటు మట్టం దిగుతూనే ఉంటుంది. ఎప్పుడో ఒక అతివృష్టి సంవత్సరం వచ్చి ఆ లోటును పూడుస్తుంది. నాలుగేండ్ల లెక్క మాత్రమే చూసినవారికి నేల ఎండిపోతున్నదని గాని, నిండుతున్నదని గాని తోస్తుంది. ఆ రెండూ సగం నిజాలే.

తెలంగాణలో ఇటీవలి కాలం కూడా ఈ మాటను బలపరుస్తున్నది. 2014, 2015 సంవత్సరాలలో వానలు ముఖం చాటేసి బావులు ఎండాయి. 2020లో వానలు దండిగా కురిసి చెరువులు మత్తడి దూకాయి, బోర్లు నిండాయి. 2023 ఆగస్టు దేశమంతటా 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదయింది. మరుసటి వేసవిలో మళ్లీ బోర్లు ఎండి వరి పొలాలు నెర్రెలు విచ్చాయి. 2015లో చెరువుల పునరుద్ధరణ మొదలైంది. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చింది. నీటిమట్టం పెరిగిన ఏడు ఆ కీర్తి పథకానిదని, తగ్గిన ఏడు ఆ దోషం మేఘానిదని చెప్పుకోవడం లోకసహజం. ఏ మార్పుకు ఏది కారణమో, ఎంత మేరకు కారణమో తేల్చగల సాక్షి ఒక్కటే. అది పథకానికి ముందు, తరువాత కూడా విడవకుండా రాసిన బావి లెక్క.

కొలిచినంత మాత్రాన నీరు ఊరుతుందా అని కొందరు ప్రశ్నిస్తారు. ఊరదు. జ్వరమానిని జ్వరాన్ని తగ్గించదు. అయినా దానిని చూడకుండా మందు ఇచ్చే వైద్యుణ్ణి ఎవరూ నమ్మరు. ఉపగ్రహాలు ఉండగా ఊరూరా బావి కొలవడం దేనికని మరికొందరు అంటారు. 2002లో ప్రయోగించిన గ్రేస్ ఉపగ్రహాల జంట భూమి ఆకర్షణలోని సూక్ష్మమైన తేడాలను బట్టి భూగర్భజలం హెచ్చుతగ్గులను చెప్పగలిగింది. అది గొప్ప విజయమే. కాని ఆ చూపు వందల కిలోమీటర్ల విస్తీర్ణాన్ని ఒక్క మొత్తంగా చూస్తుంది. ఆలేరు బావికి, పక్క ఊరి బావికి ఉన్న తేడా దానికి కనబడదు. గ్రానైటు నేలలోనైతే ఒకే పొలంలో రెండు బోర్లకు కూడా పోలిక ఉండదు. అందువల్ల ఊరి నేల నాడిని ఊరివారే పట్టుకోవాలి.

అది సాధ్యమేనని ఈ ప్రాంత రైతులే నిరూపించారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్య పథకం మొదలైంది. ఆ ఏడింటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. వందలాది గ్రామాలలో రైతులు, మహిళలు వానను కొలిచారు, బావి మట్టాన్ని కొలిచారు. వానాకాలం చివర అందరూ కూడి ఊరి నీటి జమాఖర్చు వేసుకొని యాసంగికి ఏ పంట తగునో చర్చించారు. ఎవరి మీదా ఆంక్ష పెట్టలేదు. లెక్క కళ్ల ముందు ఉండడం వల్ల ఎందరో రైతులు వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు మళ్లారు. పథకం ముగిసిన తరువాత ఈ పని అన్ని గ్రామాలలోనూ అదే పట్టుతో సాగలేదు. పథకానికి గడువు ఉంటుంది, నేలకు గడువు ఉండదు. తెగిపోయిన లెక్కను తరువాత ఎంత ధనం పోసినా తిరిగి సంపాదించలేం. నిన్నటి నీటిమట్టాన్ని రేపు కొలవగల యంత్రం లేదు.

2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం బావుల నమోదును, కొత్త బోర్లకు అనుమతిని నిర్దేశించింది. చట్టం అవసరమే. అయితే చట్టానికి కూడా లెక్కే ఆధారం. అందుచేత ప్రతి గ్రామంలో కనీసం ఒక పాతబావినైనా పూడ్చకుండా ఉంచి, దానిని ఊరి పరిశీలక బావిగా ప్రకటించడం మంచిది. ఈ బాధ్యత పాఠశాలలకు, జూనియర్ కళాశాలలకు అప్పగించడం ఇంకా మంచిది. దీనికి పెద్ద ఖర్చు లేదు. బరువు కట్టిన కొలత టేపు, ఒక గట్టి పుస్తకం, నెలకు ఒక గంట సమయం చాలు. నియమాలు మాత్రం తప్పకూడదు. బావి మారకూడదు. గట్టు మీద గుర్తు పెట్టిన చోటు నుంచే కొలవాలి. ప్రతి నెల అదే తేదీన, సమీపంలోని మోటార్లు ఆగి నీరు కుదురుకొన్న తరువాత కొలవాలి. కొలవలేని నెల ఉంటే ఆ గడిని ఖాళీగా వదలాలి, ఊహించి నింపకూడదు. ఒక్క అబద్ధపు అంకె మిగిలిన నిజాలను కూడా అనుమానాస్పదం చేస్తుంది.

ఇటువంటి పనిలో వెంటనే కీర్తి రాదు. మొదటి ఏడు రాసిన పన్నెండు అంకెలలో ఏ విశేషమూ కనిపించదు. అయిదేండ్లకు ఒక వంపు, ఇరవై ఏండ్లకు ఒక స్వభావం బయటపడతాయి. మొదలుపెట్టిన విద్యార్థి చదువు ముగించి వెళ్లిపోతాడు, పుస్తకం తరువాతి తరగతి చేతికి వస్తుంది. 1955లో మకుటపోరాలో మొదటి అంకె రాసినవారికి 2013 నాటి ఫలితం తెలిసే అవకాశం లేదు. అయినా వారు రాశారు కాబట్టే నేటి నగరం తన నీటిని గురించి తెలిసి మాట్లాడగలుగుతున్నది.

చెరువు తవ్వించడాన్ని పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా గౌరవించారు. తవ్వించినవాడు పోయినా చెరువు ఊరిని పోషిస్తుందన్నది అందులోని భావం. విడవకుండా రాసిన నీటి లెక్కకు కూడా ఆ గౌరవం దక్కాలి. ఆలేరు ప్రాంతపు గ్రామాలలో నేడు కళాశాలలో చదువుతున్న విద్యార్థులు రేపు బోరు వేయాలా వద్దా, వరి పెట్టాలా కంది వేయాలా అన్న నిర్ణయాలు చేయవలసినవారే. ఆనాడు వారి చేతిలో కొబ్బరికాయ ఉంటుందా, ఇరవై ఏండ్ల లెక్క ఉంటుందా అన్నది ఈ ఏడాది వారు చేసే పని మీద ఆధారపడి ఉంది.